ఫార్మసీ మానేసి చైనాలో యానిమేషన్ చదువుతానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి బీ ఫార్మసీ మూడో ఏడాది. ‘నె జా 2’ అనే చైనా యానిమేషన్ సినిమా చూసినప్పటి నుంచి చదువు మానేసి చైనా వెళ్లి యానిమేషన్ నేర్చుకుంటానంటున్నాడు. ఆ సినిమా తీసినాయనదీ ఫార్మసీ చదువేనట. ఇంట్లో రోజూ టెన్షనే. ఏం చేయమంటారు? - ఓ తండ్రి, గుంటూరు

జవాబు: మీవాడు చెప్పింది నిజమేనండి. దర్శకుడు జియావోజి చెంగ్డూలో ఫార్మసీ చదివారు. కాలేజీలో ఉండగానే మాయా అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ సొంతంగా పట్టుకున్నారు. అయితే మిగతా సగం కథ కూడా వాడికి చెప్పండి. ఆయన డిగ్రీ పూర్తి చేశారు. తర్వాత మూడేళ్లకు పైగా ఇంట్లోనే కూర్చుని, తల్లి పెన్షన్‌తో ఇల్లు గడుస్తుండగా, ఒక చిన్న యానిమేషన్ సినిమా తయారు చేసుకున్నారు. అది 2008 నాటి మాట. మొదటి ‘నె జా’ వచ్చింది 2019లో. రెండోదానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. (ఆ నె జా పాత్రకు మూలం మన కుబేరుడి కొడుకు నలకూబరుడేనని పరిశోధకులు చెబుతారు. నాకు ఇష్టమైన సంగతి, అందుకే రాశాను.)

చైనా సినిమా పెరిగిన మాటా వాస్తవమే. 2002లో దేశం మొత్తం మీద రెండు వేల తెరలు కూడా లేవు. ఇప్పుడు తొంభై వేలు దాటాయి. 2020లో వసూళ్లలో ఉత్తర అమెరికాను మించింది. ‘నె జా 2’ ఒక్కటే 1,500 కోట్ల యువాన్లు దాటింది. కానీ ఎప్పుడూ పెరగడమే కాదు. 2023లో సుమారు 5,490 కోట్ల యువాన్లున్న వసూళ్లు మరుసటి ఏడాది 4,250 కోట్లకు పడిపోయాయి.

మీవాడికి అసలు అడ్డు భాష. బీజింగ్ ఫిల్మ్ అకాడమీ లాంటి చోట్ల చాలా కోర్సులు చైనీస్‌లోనే ఉంటాయి. ‘నె జా 2’కి 130కి పైగా సంస్థలు పనిచేశాయి. అక్కడ షాట్ మీద దిద్దుబాట్లన్నీ చైనీస్‌లోనే చెబుతారు. పైగా ఉద్యోగ వీసాకు సాధారణంగా డిగ్రీతో పాటు రెండేళ్ల అనుభవం అడుగుతారు. అంటే వాడు వదిలేస్తానంటున్న డిగ్రీయే అక్కడ మొదట కావాలి. ఆ ఒక్క కారణం చాలు, ఫార్మసీ పూర్తి చేయమని చెప్పడానికి.

అలాగని వాడి ఆశను కొట్టిపారేయకండి. ఆ సినిమా యుద్ధంలో గొలుసులతో కట్టిన సముద్ర రాక్షసులు గుంపులుగా వస్తారు. ఆ గొలుసులు బరువుగా కనిపించడమే కళ. మీ ఊళ్లోనే దానికి బడి ఉంది. మిర్చి యార్డుకు పంపండి. హమాలీ టిక్కీ (మిర్చి బస్తా) ఎత్తేటప్పుడు మోకాలు ఎంత వంగుతుంది, బరువు వీపు మీద పడ్డాక మొదటి అడుగు ఎటు తూలుతుంది, మెడ ఎటు తిరుగుతుంది... అడిగి ఫోన్‌లో తీసుకుని, బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పది సెకన్ల షాట్ చేయమనండి. అది ఉచితమే. మూడు నెలలు గడువివ్వండి, రోజూ రెండు గంటలు. ఆ రెండు గంటల్లో మీరు ఫార్మసీ ఊసెత్తకండి.

పూర్తయ్యాక మీరూ పక్కన కూర్చుని చూడండి. బస్తా దూదిలా తేలితే మీకే తెలిసిపోతుంది. మళ్లీ చేయమనండి. విసుక్కోకుండా నాలుగోసారి కూడా చేస్తే, డిగ్రీ చేతికొచ్చాక ఆ షాట్లతోనే షోరీల్ (తన పని చూపించే చిన్న వీడియో) కట్టుకుని హైదరాబాద్ వీఎఫ్ఎక్స్ స్టూడియోలకు పంపొచ్చు. వాళ్లు మార్కుల కంటే ముందు అదే చూస్తారు. చైనీస్ మీద నిజంగా మనసుంటే హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) నేర్పుతారు. చైనా మాట ఆ తర్వాత ఆలోచించొచ్చు.