దిగేముందు ఆ అంకె చూసుకో

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. పాత కంప్యూటర్ బయటికి తీసి ఎఫ్ఎస్ఎక్స్, అదే మనం సిమ్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ళ విమానం నడిపే సిమ్యులేటర్, మళ్ళీ ఎక్కించావట. లండన్ హీత్రూలో లేచి న్యూయార్క్ జేఎఫ్‌కేలో దిగేదాకా, మధ్యలో టైమ్‌ని పరుగులు పెట్టించకుండా, అసలు విమానానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ నడుపుతావట. పక్కన నాన్నని కూర్చోబెట్టుకుంటావట. ఆ మాట చెబుతుంటే వాడి గొంతులో హుషారు విని నాకు కడుపు నిండిపోయింది. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది. ఎందుకో నీకు తెలియదు. వాడు చెప్పి ఉండడు. సరిగ్గా ఈ దారిలోనే వాడికి ఎదురుదెబ్బ తగిలింది, ఆ తర్వాత వాడు జాయ్‌స్టిక్ ముట్టుకోలేదు.

ముందు తేలిక పనులు చెప్పేస్తాను. విండోస్ 64 బిట్‌దే ఉండాలి. డిస్కుల నుంచి ఎక్కించి ఉంటే దాని మరమ్మతుల ప్యాక్ అయిన సర్వీస్ ప్యాక్ 2 గానీ, యాక్సిలరేషన్ అనే అదనపు ప్యాక్ గానీ తప్పకుండా వేసుకో. 2014లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో వచ్చిన స్టీమ్ ఎడిషన్ అయితే అవన్నీ అందులోనే ఉన్నాయి. ఏది మార్చేముందైనా, సెట్టింగులన్నీ ఉండే ఎఫ్ఎస్ఎక్స్.సీఎఫ్‌జీ ఫైలుకి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకో. చెయ్యి దాటిపోయిందనిపిస్తే ఆ ఫైలు తీసేసి సిమ్ తెరువు, కొత్తది తనే రాసుకుంటుంది.

ఇప్పుడు మీ నాన్న సంగతి.

అప్పట్లో వాడు కూడా హీత్రూ నుంచి జేఎఫ్‌కేకే బయల్దేరాడు. అట్లాంటిక్ అంతా హాయిగా దాటాడు. జేఎఫ్‌కేలో 13 ఎడమ రన్‌వేకి కెనార్సీ అనే పేట మీదుగా తిరిగి దిగే దారి ఒకటుంది. ఎదురుగా నేరుగా వచ్చి వాలడం కాదు, కిందికి వచ్చాక ఇళ్ళ మీదుగా కుడివైపు మలుపు తీసుకుంటూ రన్‌వేని పట్టుకోవాలి. వాడికి అదంటే ప్రాణం. సరిగ్గా ఆ మలుపులో, చక్రాలు దించాక, తెర బిగుసుకుపోయి ఒక పెట్టె వచ్చింది. కంప్యూటర్‌లో మెమరీ అయిపోయింది, సిమ్ మూసి మళ్ళీ తెరవమని దాని సారాంశం. అంతసేపు కూర్చున్నదంతా నీళ్ళపాలు.

ఆ పెట్టెలో రాసిన మాటే వాణ్ణి తప్పుదారి పట్టించింది. మెమరీ అయిపోయిందంటే ఎవరైనా ఏం చేస్తారు? ర్యామ్ కొంటారు. వాడూ అదే చేశాడు, ఉన్నదాన్ని రెట్టింపు చేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంత ర్యామ్ ఉందిగదా అని సెట్టింగులన్నీ పైకి తోశాడు. ఎవరో వాడిన సీఎఫ్‌జీ ఫైలు తెచ్చి తనదాని మీద పరిచేశాడు. అందులో ఎల్ఓడీ రేడియస్ 6.5 ఉంది. సిమ్‌లో స్లైడర్ చివరిదాకా జరిపినా వచ్చేది 4.5 మాత్రమే. 4.5 నుంచి 6.5 అంటే ఏదో కొంచెం పెంచినట్టు కనిపిస్తుంది. కానీ అది విమానం చుట్టూ గీసే వలయానికి వ్యాసార్ధం. వ్యాసార్ధం అంత పెరిగితే లోపలి నేల రెట్టింపు దాటుతుంది. ఆ నేల మీది చెట్లూ ఇళ్ళూ రోడ్లూ అన్నీ అదనంగా మోయాలి. నేలకీ మేఘాలకీ వేసే బొమ్మల గరిష్ఠ సైజు చెప్పే టెక్స్చర్ మాక్స్ లోడ్ కూడా 4096కి మార్చాడు. 4096 చుక్కల పొడవు, అంతే వెడల్పు ఉన్న బొమ్మ కుదించకుండా ఉంటే 64 ఎంబీ తింటుంది. అదే బొమ్మ 1024లో ఉంటే 4 ఎంబీ. మేఘాలకి 1024 చాలదా అమ్మలూ, వాటిలోంచి దూసుకుపోయేది రెప్పపాటు!

మళ్ళీ బయల్దేరాడు. ఈసారి అమెరికా తీరం కనబడగానే అదే పెట్టె. విండోస్ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించాడు. ఆ పైన వర్చువల్ మెమరీ పేజ్ ఫైలు పెంచాడు. ఏదీ పనిచెయ్యలేదు, చెయ్యదు కూడా. చివరికి నాతో "అన్నయ్యా, ఇది నాకు అచ్చిరాలేదు" అన్నాడు. వాడికి ఓపిక లేక కాదు. తప్పు ఉన్న చోట కాకుండా ఇంకోచోట వెతికాడు, అంతే.

అసలు సంగతి ఇదీ. ఎఫ్ఎస్ఎక్స్ 2006లో వచ్చింది, 32 బిట్ ప్రోగ్రామ్. ఒక వీధికి ఇన్నే డోర్ నంబర్లని మునిసిపాలిటీ ఖాయం చేసిందనుకో. ఇటుకలు ఎన్ని తెచ్చి పోసినా నంబరు లేని ఇంటికి ఉత్తరం రాదు. 32 బిట్లతో రాయగలిగిన నంబర్లు 429 కోట్ల చిల్లర. అంటే 4 జీబీ, అక్కడికి సరి. నీ కంప్యూటర్‌లో ర్యామ్ 8 జీబీ ఉన్నా 32 ఉన్నా ఎఫ్ఎస్ఎక్స్‌కి అందేది ఆ 4 జీబీ చిరునామాలే. పాత 32 బిట్ విండోస్‌లో అయితే మామూలుగా అందులో సగమే ప్రోగ్రామ్ చేతికి వచ్చేది, అందుకే ముందు 64 బిట్ అన్నాను. సిమ్ ఆడేవాళ్ళు దీన్నే వ్యాస్ అంటారు, వర్చువల్ అడ్రస్ స్పేస్. మరొకటి కూడా ఉంది. మొత్తంలో ఖాళీ మిగిలినా అది చిన్న ముక్కలుగా చెదిరిపోయి, పెద్ద బొమ్మకి కావలసినంత వరస చోటు ఒక్కచోట దొరక్కపోతే అప్పుడూ అదే పెట్టె వస్తుంది. ఎంత ఎక్కువసేపు ఎగిరితే అంతగా చెదురుతుంది. దాటిపోయిన ఊళ్ళ సామాను సిమ్ కొంత వదులుతుంది గానీ పూర్తిగా వదలదు. అందుకే ఈ దెబ్బ ఎప్పుడూ ప్రయాణం చివర్లో, దిగబోయే చోటే తగులుతుంది.

ఇది కంటికి కనబడేదే అయితే మీ నాన్న ఒక్క రోజులో పట్టేసేవాడు. టాస్క్ మేనేజర్‌లో మామూలుగా కనబడే మెమరీ అంకె ర్యామ్‌ది, దాన్ని చూసి చోటు చాలా ఉందనుకుంటే మోసపోతాం. మైక్రోసాఫ్ట్ వాళ్ళదే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని ఉచితంగా దొరుకుతుంది. అది తెరిచి, పైన కాలమ్ పేర్ల మీద కుడి క్లిక్ చేసి, కాలమ్స్ ఎంచుకునే చోట ప్రాసెస్ మెమరీలోకి వెళ్ళి వర్చువల్ సైజ్‌కి టిక్ పెట్టు. ఎఫ్ఎస్ఎక్స్ వరసలో ఆ అంకె కిలోబైట్లలో కనిపిస్తుంది. దాని హద్దు 41,94,304. నా లెక్కలో 37 లక్షలు దాటితే ఇక కొత్త భారం ఏదీ ఎత్తకూడదు. బయటి వ్యూలోకి వెళ్ళకు, కొత్త కిటికీలు తెరవకు. వ్యూ మార్చినప్పుడల్లా ఇంతవరకూ అవసరం పడని బొమ్మలు కొత్తగా లోపలికి రావచ్చు. రన్‌వే ముందు విమానాన్ని బయట నుంచి చూసుకోవాలని ఎంత సరదాగా ఉన్నా సరే, దిగాక చూసుకో.

బయల్దేరే ముందు రోజు ఒక పని చెయ్యి. నువ్వు నడపబోయే విమానమే, అవే సెట్టింగులు, అదే వాతావరణం. సిమ్ తెరిచి నేరుగా హీత్రూలో నిలబెట్టి వర్చువల్ సైజ్ రాసుకో. పూర్తిగా మూసేసి, మళ్ళీ తెరిచి నేరుగా జేఎఫ్‌కేలో నిలబెట్టి మళ్ళీ రాసుకో. తర్వాత బోస్టన్ నుంచి జేఎఫ్‌కేకి ఒక చిన్న ప్రయాణం చేసి, దిగాక ఇంకోసారి రాసుకో. నిలబెట్టినప్పుడే 33 లక్షలు దాటుతోందంటే ఏడెనిమిది గంటలు ఎగిరి వచ్చాక అక్కడ దిగడం కుదరని పని. అప్పుడు తగ్గించుకోవాలి. ఆ తగ్గింపు ఇంట్లో కూర్చుని తీరిగ్గా చెయ్యాల్సింది, గాలిలో కాదు.

ఏం తగ్గించాలంటే, మొదట సీనరీ లైబ్రరీ తెరువు. మీ నాన్న పోగుచేసిన విమానాశ్రయాలన్నీ అందులో టిక్కులతో కూర్చుని ఉంటాయి. ఈ ప్రయాణానికి హీత్రూ, జేఎఫ్‌కే రెండే ఉంచి మిగతావి తీసెయ్యి. తీసెయ్యడమంటే డిలీట్ కాదు తల్లీ, టిక్ తీసెయ్యడం. న్యూయార్క్‌లో ఇది మరీ ముఖ్యం. జేఎఫ్‌కే, లాగార్డియా, నెవార్క్ మూడూ దగ్గర దగ్గరే, మధ్యలో మాన్‌హాటన్. నువ్వు ఒక్కదాన్లో దిగుతున్నా మిగతా రెండింటి అదనపు సీనరీ కూడా వచ్చి కూర్చుంటుంది. ఎల్ఓడీ రేడియస్ 4.5, టెక్స్చర్ 1024 దగ్గరే ఉండనివ్వు. సిమ్ తనంతట తనే పరిచే ఇళ్ళూ చెట్లూ, అదే ఆటోజెన్, ఒక మెట్టు దించు. విమానాల రద్దీ కూడా బాగా తగ్గించు, హీత్రూలో గేటు గేటుకీ విమానం కనబడాలని లేదు. రోడ్ల మీది కార్లు ఆపేసినా పైనుంచి నీకు తెలియదు. బొమ్మలు గీసే పద్ధతి మార్చే డీఎక్స్ 10 ప్రివ్యూ అనే సెట్టింగు చోటు మిగిల్చే మాట నిజమే గానీ అది రన్‌వే గీతల్లోనూ లైట్లలోనూ వేరే తలనొప్పులు తెస్తుంది. ఈ ప్రయాణానికి దాని జోలికి వెళ్ళకు.

హైమెమ్‌ఫిక్స్=1 అనే లైను సీఎఫ్‌జీ ఫైలులోని గ్రాఫిక్స్ భాగంలో పెట్టు, స్టీమ్ ఎడిషన్‌కి ఆ అవసరం లేదు. మెమరీ నిండుతున్నప్పుడు బొమ్మలు మాయమవడాన్ని అది ఆపుతుంది. అది హద్దుని పెంచుతుందనుకోవద్దు. ఆ పేరు చూసి ధీమాగా ఉన్నవాళ్ళు చాలామంది.

ఇంకొక్కటి గట్టిగా చెబుతున్నా, కోప్పడినట్టే అనుకో. ఎక్కడెక్కడి నుంచో మెమరీ క్లీనర్లూ, విడి డీఎల్ఎల్ ఫైళ్ళూ, ఎవరిదో సీఎఫ్‌జీ తెచ్చి పరచొద్దు. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చాక అంకె చూడు. ఒకేసారి పది మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది ముంచిందో ఎప్పటికీ తెలియదు. మీ నాన్న అక్కడే పోయాడు. నీకు వాడి తొందర వచ్చిందని నాకు తెలుసు, అందుకే నా భయం.

అట్లాంటిక్ మీద అంకె పెద్దగా కదలదు. ఆటోపైలట్ చూసుకుంటుంది, అప్పుడు లేచి కాసేపు నడువు, నాన్నని కూడా లేపు. వాడి నడుం ఇప్పుడు అప్పటిది కాదు. కిందికి దిగడం మొదలుపెట్టడానికి ఓ అరగంట ముందు, విమానం ఎత్తు మారకుండా నిలకడగా ఉన్నప్పుడు, పాజ్ చేసి సెమీకోలన్ నొక్కు. ఫ్లైట్ సేవ్ అడుగుతుంది. సేవ్ చేసి వర్చువల్ సైజ్ చూడు. దానికి, హీత్రూలో లేచేముందు ఉన్న అంకెకి పెద్ద తేడా లేకపోతే అలాగే దిగిపో. బాగా పెరిగి ఉంటే మొహమాటపడకు. సిమ్ మొత్తం మూసి, మళ్ళీ తెరిచి, ఆ సేవ్ చేసిన ఫ్లైట్ ఎక్కించుకో. చిరునామాలన్నీ ఖాళీ అయి కొత్తగా మొదలవుతుంది. కొన్ని పెద్ద విమానాలు అలా తెరిచినప్పుడు స్విచ్‌లూ రూటూ సరిగ్గా గుర్తుపెట్టుకోవు. అందుకని బోస్టన్ ప్రయాణంలోనే ఒకసారి సేవ్ చేసి తెరిచి చూసుకో, ఆ రోజు గాలిలో కంగారుపడే పని ఉండదు. మధ్యలో మూస్తే ప్రయాణం చెడిపోయినట్టు కాదా అని మీ నాన్న అంటాడు. అననివ్వు. వాడి పక్కన మళ్ళీ ఆ పెట్టె తెరుచుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంతకాలానికి కూతురు పిలిస్తే వచ్చి కూర్చుంటున్నాడు.

13 ఎడమకే దిగుతానంటే వద్దనను. ఆ మలుపులో అంకె వంక చూడకు, అప్పుడు చెయ్యగలిగిందేమీ ఉండదు. రన్‌వే వైపే చూడు. మొదటిసారి నువ్వే దించు. బాగా దిగితే, దిగేముందు సేవ్ చేసిన ఫ్లైటే మళ్ళీ తెరిచి రెండోసారి వాడి చేతికి ఇవ్వు.

హీత్రూ అంకె, జేఎఫ్‌కే అంకె, బోస్టన్ నుంచి వచ్చాక చూసిన అంకె, మూడూ రాసి నాకు పంపు. సీనరీ లైబ్రరీ పేజీ ఫొటో కూడా తీసి పెట్టు. ఇంకా ఏవి ఆపాలో చూసి చెబుతాను. అవి నాకు అందేదాకా బయల్దేరకు.

మీ పెదనాన్న