పొలమారడం కాదు, గ్యాసూ కాదు: నా అన్నవాహిక అనుభవం

ఆక్సిడేటివ్ స్ట్రెస్ (కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ పదార్థాలు ఒంట్లో పేరుకోవడం) వల్ల అన్నవాహిక కండరం సడలడం మానేస్తే, వాటిని అణచే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలతో సరవుతుందా అని మీలో ఒకరు అడిగారు. అయిదేళ్ల క్రితం అలాంటి సీసా నేనూ కొన్నాను కనుక, అది దండగ అని ముందే చెబుతున్నాను.

నాకున్నది అకలేసియా, అంటే అన్నవాహిక అడుగున ఉన్న కండరం సడలక, తిన్నది కడుపులోకి దిగని జబ్బు. మలక్‌పేటలో మా అక్కకు ఒడిబియ్యం పోసిన రోజున బగారా అన్నం రెండో ముద్దకే రొమ్ము ఎముక వెనక ఆగిపోయింది. పొలమారిందనుకొని మా పెద్దమ్మ నడినెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నరు బిడ్డా" అన్నది. పొలమారితే దగ్గు రావాలి; నాకు దగ్గు లేదు, ఊపిరి ఆడుతూనే ఉంది, ముద్ద మాత్రం కదలలేదు. లేచి నిలబడి రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగాక, ఆ నీటి బరువుకు అది కిందికి జారడం స్పష్టంగా తెలిసింది. ఆ తర్వాత రెండేళ్లపాటు అందరూ దానికి పెట్టిన పేరు గ్యాస్. మన ఊళ్లో గొంతుకూ బొడ్డుకూ మధ్య ఏ బాధ వచ్చినా గ్యాసే! ఆమ్లం తగ్గించడానికి రాసిచ్చిన మాత్రను కూడా నేను నిలబడే మింగవలసి వచ్చేది.

చివరకు మానోమెట్రీ, అంటే అన్నవాహికలోని పీడనాన్ని కొలిచే పరీక్ష చేశారు. ముక్కులోంచి సన్నని గొట్టం దింపి, పడుకోబెట్టి, అయిదేసి మిల్లీలీటర్ల చొప్పున పది గుక్కల నీళ్లు మింగించారు. మింగిన ప్రతిసారీ అన్నవాహిక అడుగున ఉన్న వలయ కండరం దగ్గర పీడనం పడిపోవాలి. నాకు పదిసార్లలో ఒక్కసారి కూడా సరిగా పడలేదు.

ఆ కండరం మామూలుగా బిగుసుకొనే ఉంటుంది. దానిని సడలించేది అక్కడి నాడీకణాలు వదిలే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. అది కండర కణంలో సైక్లిక్ జీఎంపీ అనే, సందేశం మోసే అణువును పెంచుతుంది, అప్పుడు లోపలి కాల్షియం తగ్గి పట్టు వదులవుతుంది. ఇదే వాయువు రక్తనాళాలలో చేసే పనిని కనుగొన్నవారికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆక్సిడేటివ్ స్ట్రెస్‌లో పుట్టే సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం ఈ నైట్రిక్ ఆక్సైడ్‌ను పట్టుకొని పెరాక్సీనైట్రైట్ అనే వేరే పదార్థంగా మార్చేస్తుంది కాబట్టి సడలింపు దెబ్బతింటుందన్న మీ ఊహలో తప్పు లేదు. అయితే ఆమ్లం ఎగదన్ని వాచిన అన్నవాహికలో, అదే స్ట్రెస్‌లో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇదే కండరం బిగువును తగ్గిస్తుందని పిల్లుల కణజాలంపై చేసిన ప్రయోగాలలో కనబడింది. అంటే ఒకచోట బిగింపు, మరొకచోట వదులు. రెండింటికీ ఒకే సీసా మందెలా అవుతుంది? పైగా అకలేసియాలో నైట్రిక్ ఆక్సైడ్‌ను వదిలే నాడీకణాలే నశిస్తాయి, వాటిని ఏ విటమినూ తిరిగి మొలిపించదు.

నాకు పనికొచ్చింది పోయెమ్, అంటే నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి ఆ కండరాన్ని లోపలినుంచే కోయడం. జపాన్‌లో 2008లో మనుషులకు మొదలైన పద్ధతి ఇది. కోసిన దారిన ఆమ్లం పైకి వస్తుంది కనుక ఆనాటి గ్యాస్ మాత్ర ఇప్పుడు నిజంగానే అవసరమైంది, కాకపోతే దానిని కూర్చునే మింగుతున్నాను.