అమెరికా రాష్ట్రాల్లో విద్యా బిల్లులపై కమిటీ విచారణ ఎలా జరుగుతుంది? అందులో సామాన్యులు మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు, తప్పక మాట్లాడాలి కూడా. అమెరికాలో పాఠశాల విద్య ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత. పాఠశాలల నిధుల్లో సమాఖ్య ప్రభుత్వ వాటా స్థూలంగా పదో వంతే కాబట్టి, ఉపాధ్యాయుల అర్హతలు, నిధుల పంపిణీ సూత్రం వంటివి చాలావరకు రాష్ట్ర శాసనసభల్లోనే తేలుతాయి.

ప్రవేశపెట్టిన బిల్లు సాధారణంగా విద్యా కమిటీకి వెళ్తుంది. దాన్ని విచారణకు చేపట్టాలా వద్దా అన్నది చాలా రాష్ట్రాల్లో కమిటీ అధ్యక్షుల ఇష్టం కాబట్టి, ఎన్నో బిల్లులు చర్చే లేకుండా ముగిసిపోతాయి. ఇది నాకు న్యాయంగా తోచదు. నెబ్రాస్కాలో మాత్రం ప్రతి బిల్లుకూ బహిరంగ విచారణ జరుపుతారు. కొలరాడోలో 1988లో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణ వల్ల కమిటీ ప్రతి బిల్లునూ పరిశీలించి ఓటింగ్ జరపాలి.

విచారణలో మొదట బిల్లు ప్రతిపాదకులు దాన్ని వివరిస్తారు. తరువాత ముందుగా పేరు నమోదు చేసుకున్న తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, సంఘాల ప్రతినిధులు మాట్లాడతారు. ఒక్కొక్కరికి తరచుగా రెండు మూడు నిమిషాలే దొరుకుతాయి గనుక, బిల్లు సంఖ్య, మీరు అనుకూలమో వ్యతిరేకమో ముందే చెప్పి, మిగిలిన సమయమంతా ఆ నిబంధన మీ పిల్లల తరగతిలో ఏం మారుస్తుందో చెప్పడానికే కేటాయించండి. సభ్యుల ప్రశ్నలు సాధారణంగా అక్కడినుంచే పుడతాయి. లిఖితపూర్వక వాంగ్మూలం కూడా ఇవ్వవచ్చు.

కమిటీ ఆమోదించినా, ఖర్చుతో కూడిన బిల్లు చాలాచోట్ల ఆర్థిక కమిటీని కూడా దాటాలి.