జెండర్ విషయాల మీద నటులు, రచయితలు మాట్లాడితే కేసులు పడతాయా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. నేను వెబ్ సిరీస్‌లలో నటిస్తుంటాను, డైలాగులు కూడా రాస్తాను. ట్రాన్స్ మహిళల గురించి ఈమధ్య సోషల్ మీడియాలో పెద్ద గొడవే నడుస్తోంది. తోటి ఆర్టిస్టులు ఒక స్టేట్‌మెంట్ రాసి సంతకం పెట్టమంటున్నారు, పెట్టకపోతే నువ్వు వాళ్ళకి వ్యతిరేకం అన్నట్టే అంటున్నారు. ఇటు చూస్తే కొత్త సిరీస్ అగ్రిమెంట్‌లో "వివాదాస్పద విషయాలపై బహిరంగంగా మాట్లాడరాదు, మాట్లాడితే 25 లక్షలు చెల్లించాలి" అని ఉంది. ఇంకా సంతకం పెట్టలేదు. మాట్లాడితే కేసులు పడతాయా? ఊరుకుంటే తప్పా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. ముందు చివరి ప్రశ్నకే జవాబు చెప్తా, మీరు ఎక్కువగా మథనపడుతున్నది దాని గురించే అనిపించింది. ఊరుకోవడం తప్పు కాదు, అదీ మీ హక్కే. కేరళలో ముగ్గురు స్కూలు పిల్లలు జాతీయగీతం వస్తే గౌరవంగా లేచి నిలబడేవాళ్ళు కానీ వాళ్ళ మత విశ్వాసం వల్ల పాడేవాళ్ళు కాదు, అందుకని స్కూల్లోంచి పంపించేశారు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు దాన్ని. సుప్రీంకోర్టు 1986లో ఆ పిల్లల్ని మళ్ళీ చేర్చుకోమంది, మాట్లాడే స్వేచ్ఛలో మాట్లాడకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉందని ఆ తీర్పుతో తేలింది. జాతీయగీతం దగ్గరే బలవంతం చెల్లనప్పుడు పదిమంది కలిసి రాసుకున్న కాగితం మీద సంతకం పెట్టలేదని మీ మీద ఎవరూ ఏ కేసూ వెయ్యలేరు. తోటివాళ్ళు నాలుగు మాటలు అంటారు, దానికి మాత్రం చట్టంలో మందు లేదు.

అయితే ట్రాన్స్ పాత్రలు రాసేవాళ్ళు, వేసేవాళ్ళు తెలిసినంత వరకు మాట్లాడితే మంచిదనే నేను నమ్ముతాను. మన సినిమాల్లో ఆ పాత్రల్ని ఎన్నేళ్ళు నవ్వులాటకే వాడారో మీకు నాకంటే బాగా తెలుసు. సినిమాల సంగతే కాదు, నిజాం కాలంలో 1919లో వచ్చిన చట్టం ఒకటి ఉండేది, దాని ప్రకారం ట్రాన్స్ మహిళల పేర్లు రిజిస్టర్‌లో రాసుకోవచ్చు, ఆడవాళ్ళ బట్టల్లో వీధిలో కనిపిస్తే వారంట్ లేకుండానే అరెస్టు చెయ్యొచ్చు, దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది ఎప్పుడనుకున్నారు, 2023 జులైలో! అంతకాలం ఆ చట్టం పుస్తకాల్లో అలాగే పడుంది. కాబట్టి మాట్లాడే అవసరం లేదని నేను చెప్పను.

ఇక కేసుల సంగతి. మీకు బాగా పనికొచ్చేది నటి ఖుష్బూ కేసు. 2005లో ఒక పత్రిక సర్వే మీద అభిప్రాయం అడిగితే ఆవిడ పెళ్ళికి ముందు సంబంధాల గురించి తన ఆలోచన చెప్పారు, అంతే, తమిళనాడులో ఒక్కో ఊర్లో ఒక్కో కంప్లైంట్, మొత్తం 23 కేసులు. మద్రాస్ హైకోర్టు వాటిని కొట్టెయ్యనంది, ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్ళారు, 2010 ఏప్రిల్‌లో అన్నీ కొట్టేశారు. ఆవిడ ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరి పరువూ తియ్యలేదు, చాలామందికి నచ్చని అభిప్రాయం చెప్పారు, అది నేరం కాదు అన్నారు. గెలిచారు నిజమే కానీ ఐదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాక గెలిచారు, ఇది మీ దగ్గర దాచి ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు.

ఆ తీర్పులోనే మీకు కావాల్సిన గీత ఉంది. ఒక విషయం మీద అభిప్రాయం చెప్పడం వేరు, ఒక మనిషిని వేలెత్తి చూపించడం వేరు. ఆటల పోటీల రూల్స్ ఎలా ఉండాలి, గుర్తింపు సర్టిఫికెట్ ఎవరు ఇవ్వాలి లాంటివి ఎటువైపు నుంచైనా మాట్లాడండి. కానీ ఫలానా ఆమె పాత పేరు బయటపెట్టి, పాత ఫోటో పెట్టి, "వీడు ఆడదా" అని రాశారనుకోండి, అప్పుడు కథ మారిపోతుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 2019లో సెక్షన్ 18 మాటలతో హింసించడాన్ని, మానసికంగా హింసించడాన్ని కూడా నేరాల్లో చేర్చింది, శిక్ష 6 నెలల నుంచి 2 ఏళ్ళు, జరిమానా అదనం. మీతో విభేదించిన మహిళని బూతులు తిడితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 79 కిందకి పోతుంది, అది 3 ఏళ్ళ దాకా. పరువు నష్టం అయితే సెక్షన్ 356, అందులో పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు, బాధపడిన వ్యక్తే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళాలి, ఇప్పుడు కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టంలో కేసు తీసుకునే ముందే మీ మాట కూడా వినాలి.

షేర్ కొట్టడం గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో "నేను రాయలేదండీ ఫార్వర్డ్ చేశానంతే" అనేవాళ్ళే ఎక్కువ. తమిళ నటుడు ఎస్.వి. శేఖర్ 2018లో మహిళా జర్నలిస్టుల మీద వేరేవాళ్ళు రాసిన పోస్ట్ షేర్ చేశారు, తర్వాత తీసేశారు, క్షమాపణా చెప్పారు. అయినా మద్రాస్ హైకోర్టు కేసు కొట్టెయ్యలేదు, పంపిన మెసేజ్ విల్లు నుంచి వదిలిన బాణం లాంటిదంది, 2023లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. చదవకుండా ఏదీ ముందుకు తొయ్యకండి, మీవైపు వాళ్ళు రాసిందైనా సరే.

ఇప్పుడు అగ్రిమెంట్. నిజం చెప్పాలంటే నాకు భయం కేసుల కంటే దీని గురించే. ప్రభుత్వం మీ నోరు మూయిస్తే రాజ్యాంగం పట్టుకుని హైకోర్టుకి వెళ్ళొచ్చు, నిర్మాతతో మీ అంతట మీరు ఒప్పుకుని సంతకం పెట్టినదాన్ని అంత తేలిగ్గా విప్పుకోలేరు. "వివాదాస్పద విషయాలు" అంటే ఏంటి, ఎవరు నిర్ణయిస్తారు, ఎంతకాలం, ఏమీ లేదు ఆ క్లాజ్‌లో. రేపు మీరు ఆడవాళ్ళకి షూటింగ్‌లో టాయిలెట్ లేదని అన్నా వివాదమే అనొచ్చు! 25 లక్షలు చూసి మాత్రం హడలిపోకండి, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం కాగితం మీద రాసింది గరిష్ఠం మాత్రమే, కోర్టు ఇప్పించేది న్యాయంగా ఉన్నంతవరకే. కానీ అది వాదించుకోవాలంటే మీ రెమ్యూనరేషన్ వాళ్ళు ఆపేసుకుని కూర్చున్నాక వాదించుకోవాలి.

అందుకే సంతకానికి ముందే మార్పించండి. నిషేధం ఆ సిరీస్ కథ, అందులో పనిచేసినవాళ్ళ గురించిన మాటలకే పరిమితం అని రాయించండి, సిరీస్ రిలీజైన ఇన్ని నెలల తర్వాత వర్తించదని రాయించండి, మీ సొంత అకౌంట్‌లో సొంత అభిప్రాయాలు దీని కిందకి రావని ఒక వాక్యం పెట్టించండి. మొత్తం తీసెయ్యమంటే ఒప్పుకోకపోవచ్చు, ఇలా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఫోన్లో "అబ్బే అది ఊరికే ఫార్మాట్ అండీ" అంటే నమ్మకండి, అదే మాట మెయిల్‌లో రాయమనండి.

రచయిత్రి కూడా కాబట్టి ఇంకొక్కటి. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్‌ని, ఆయన నవల మీద ఊళ్ళో గొడవలు చల్లార్చడానికని 2015 జనవరిలో అధికారులు కూర్చోబెట్టి క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టించారు, ఆయన ఇక రాయనని ప్రకటించారు. 2016 జులైలో మద్రాస్ హైకోర్టు ఆ ఒప్పందానికి కట్టుబడాల్సిన పనిలేదంది, మళ్ళీ రాయమంది. మీ డైలాగుల మీద ఎవరైనా గొడవకొస్తే, స్టేషన్లోనో ఆఫీసులోనో కాగితం ముందు పెడితే, లాయర్ వచ్చేదాకా సంతకం పెట్టకండి. తోటివాళ్ళ స్టేట్‌మెంట్ కూడా అంతే, పూర్తి కాపీ తెప్పించుకుని చదవండి, అందులో ఎవరినైనా పేరు పెట్టి తిట్టి ఉంటే ఆ లైన్ తీసేస్తేనే సంతకం పెడతానని చెప్పండి.