‘లేదు’ అని రాయకు, ‘కనబడలేదు’ అని రాయి

చి. సింధుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే ఆదివారం హైదరాబాద్ పాతబస్తీలో జరిగే నిధివేటకు, అదే సూచనలు విప్పుకుంటూ దాచిన కవర్లు వెతికే ఆటకు, నువ్వూ నీ స్నేహితులూ కలిసి ఎనిమిదిమంది పేర్లిచ్చారని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో అంత భయమూ వేసింది. ఫోన్లో చెబితే సగం విని ‘సరే పెద్దమ్మా’ అంటావు. అందుకే తెల్లవారగానే కాగితం తీసుకున్నాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. కాళ్లకు బూట్లు, మనిషికి లీటరు నీళ్లు, జతకొక 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, ఫోన్లో ముందే దించుకున్న మ్యాపు, కాస్త చిల్లర. మెట్రోలో వచ్చి ఎంజీబీఎస్‌లో దిగండి. బండ్లు తెస్తే మొదటి గంట పార్కింగ్‌కే సరిపోతుంది. ముందొకసారి తిరిగి చూసుకుందామనుకుంటే శుక్రవారం మాత్రం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆ రోజు మూసి ఉంటాయి, మక్కా మసీదు చుట్టూ జుమ్మా నమాజు రద్దీ ఉంటుంది.

ఎనిమిదిమందీ ఒక్కచోటికే గుంపుగా పరిగెత్తకండి. మూడు జతలు బయట తిరగాలి, ఇద్దరు ఇంట్లో కూర్చోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు సూచనలు విప్పుతారు, రెండోవారు లెక్క రాస్తారు. లెక్క రాసే మనిషి ఇంకే పనీ ముట్టుకోకూడదు. ఆ పని ఎవరికీ నచ్చదు, అందరికీ బయట తిరగాలనే ఉంటుంది. కానీ జట్టు గెలిచినా ఓడినా ఆ పుస్తకంలోనే గెలుస్తుంది, ఆ పుస్తకంలోనే ఓడుతుంది. అది ఎలాగో కొంచెం ఓపిగ్గా చదువు.

ఒక పాత జట్టు లెక్క పుస్తకం నా దగ్గరుంది. 14వ పేజీలో, నీలం సిరాతో, ఇలా ఉంటుంది: ‘11.10. మచ్లీ కమాన్. చూశాం, లేదు.’ అంతే. ఆ రోజంతా ఆ ఒక్క వరస మింగేసింది.

సూచన ఏమిటంటే, నీళ్లు లేని చేప కడుపు కింద దారి ఉంది, ఆ దారిలో అడుగు అన్నది. ఇంట్లో ఉన్నవాళ్లు పావుగంటలో తేల్చారు, అది మచ్లీ కమాన్ అని. మచ్లీ అంటే చేప, కమాన్ అంటే దారి మీద కట్టిన పెద్ద తోరణం. చార్మినార్ కట్టిన మరుసటి ఏడు, 1592లో, గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్ చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు కట్టారు కదా. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కమాన్. ఒక జతను పంపారు. వాళ్లు పత్తర్‌గట్టీ వైపు నుంచి నడుచుకుంటూ వచ్చారు. అంటే మొదట దాటింది మచ్లీ కమాన్‌నే. దాని కింద నుంచే నడిచారు, అదేనని తెలియదు. గుల్జార్ హౌజ్ దగ్గరికొచ్చి, ఇక్కడి నుంచి కదా లెక్క అనుకుని, ఎడమచేతి వైపున్న కమాన్ దగ్గరికి వెళ్లారు. అది కాలీ కమాన్. పక్కనున్న దుకాణాలన్నీ అడిగారు, పదకొండు దుకాణాలు. కవరు సంగతి ఒక్కరికీ తెలియదు. ఫోన్ చేసి ‘చూశాం, లేదు’ అన్నారు. ఇంట్లో ఉన్న మనిషి అన్నమాట అన్నట్టు రాసింది.

ఇక చూడు, మచ్లీ కమాన్ మీద గీత పడిపోయింది. మిగతావాళ్లు చేప అన్న మాట ఎక్కడ వినిపిస్తే అక్కడికి పరిగెత్తారు. ఒక జత బేగంబజార్ చేపల మార్కెట్‌కి. ఇంకో జత నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి, మృగశిర కార్తెకు చేపమందు వేసేది అక్కడే కదా అని. ఎండలో మూడు గంటల ఇరవై నిమిషాలు పోయాయి. చివరికి లెక్క రాసే మనిషి పేజీలు వెనక్కి తిప్పి ఒక్క ప్రశ్న అడిగింది: ‘కమాన్ కింద నిలబడి గుల్జార్ హౌజ్ వైపు తిరిగినప్పుడు ఎదురుగా ఏం కనబడింది?’ మచ్లీ కమాన్ కింద నిలబడితే ఎదురుగా చార్మినార్ కమాన్, దాని వెనక చార్మినార్ ఉండాలి. వాళ్లకు ఎదురుగా మరో కమాన్ కనబడిందట, చార్మినార్ మాత్రం ఎడమవైపున ఉందట. అప్పుడు తెలిసింది.

ఆ జతది బద్ధకం కాదు తల్లీ. పదకొండు దుకాణాలు అడిగినవాళ్లను బద్ధకస్తులని ఎవరంటారు? తప్పంతా ‘లేదు’ అన్న మాటది. వాళ్లకు తెలిసింది ‘మాకు కనబడలేదు’ అన్నంతవరకే. పుస్తకంలోకి ఎక్కింది ‘అక్కడ లేదు’ అని. ఈ రెంటికీ మధ్య మూడు గంటల ఇరవై నిమిషాలున్నాయి.

అందుకని మీ పుస్తకంలో ప్రతి వరసకూ ఇవి ఉండాలి: టైము, వెళ్లినవాళ్ల పేర్లు, మ్యాపులో గుర్తు, చుట్టుపక్కల ఏదైనా పెద్ద కట్టడం కనబడేలా ఒక ఫొటో, ఎలా వెతికారు, ఏది వెతకలేదు. చివర నమ్మకం ఎన్ని అణాలో రాయండి. పదహారణాల నమ్మకమైతే పదహారు, గేటు మూసి ఉండి బయట నుంచే చూసి వస్తే నాలుగు. మాట మాత్రం ‘కనబడలేదు’ అనే రాయాలి. ఇంకో జత, మొదటి జత ఏం చూసిందో వినకుండా, తమంతట తాము వెళ్లి చూసి వచ్చాకే దాన్ని ‘లేదు’గా మార్చాలి. మీరు జాగ్రత్తగా ఇలా ఖాళీ చోట్లు రాసుకుంటూ పోతే మధ్యాహ్నానికి వెతకాల్సిన ఊరు సగమవుతుంది. ఒక్కరే వెతికితే ఈ లాభం ఎన్నటికీ రాదు.

ఆ కథలో ఇంకో ముక్క ఉంది, అసలు నొప్పి అదే. నిజం తెలిశాక ఆ జతలో అబ్బాయిని అందరూ నడిరోడ్డు మీద తిట్టారు. ఆ పిల్లవాడు ఆ తర్వాత సాయంత్రం దాకా నోరు విప్పలేదు. తర్వాతి సూచన ఉర్దూలో ఉంది. జట్టులో ఉర్దూ చదవడం వచ్చింది ఆ అబ్బాయి ఒక్కడికే. చదివాడు, అర్థమైంది, కానీ మళ్లీ తప్పవుతుందేమోనని చెప్పలేదు. సింధూ, నీ నోరు కొంచెం దురుసు, నీకూ తెలుసు. ఆదివారం ఒక్కరోజు దాన్ని అదుపులో పెట్టుకో. నువ్వు కసిరావంటే ఎదుటివాళ్లు తప్పులు మానరు, చెప్పడం మానేస్తారు. నీ మనసు మంచిదని మాకు తెలుసు కానీ, నిరుడు పరిచయమైన పిల్లలకు ఎలా తెలుస్తుంది?

జట్టుగా ఆడితే వచ్చేదేమిటని మీ అమ్మ అడిగింది. ఎందుకూ పనికిరాదనుకున్న విద్యకు ఆ రోజు పని పడుతుంది, అదే వస్తుంది. మీలో చిన్నప్పుడు సంగీతం నేర్చి మానేసిన పిల్ల ఎవరైనా ఉందా? అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది పద్ధతిలో సూచన వస్తే ఇంజనీర్లందరూ గంట కొట్టుకున్నా తేలదు, ఆ పిల్ల అరనిమిషంలో చెబుతుంది. క, ట, ప, య అంటే 1. మ అంటే 5. చ అంటే 6. మేచకల్యాణి అనే రాగం పేరులో మొదటి రెండక్షరాలు 5, 6. తిరగేస్తే 65, అదే మేళకర్త సంఖ్య, అంటే మూల రాగాల పట్టీలో ఆ రాగం వరస. మాయామాళవగౌళలో 5, 1, తిరగేస్తే 15. తిరగెయ్యడం మరిచిపోవడమే అందరూ చేసే తప్పు.

ఉర్దూ వచ్చినవాళ్లు ఒక్కరైనా బయట ఉండాలి. రాతి మీద కనబడే ఏడాది క్రీస్తుశకమని అనుకోకండి. ముస్లింల హిజ్రీ ఏడాది అయితే 0.97తో గుణించి 622 కలపాలి. 1000 హిజ్రీకి దాదాపు 1592 వస్తుంది. చార్మినార్ మొదలైన 1591కీ దానికీ ఒక్క ఏడే తేడా, ఆ పాటి తేడా ఎప్పుడూ ఉంచుకోండి. నిజాం సర్కారు కట్టడాలైతే ఫసలీ, అంటే శిస్తు లెక్కలకు వాడిన పంటల ఏడాది కావచ్చు, దానికి 590 కలపాలి. ఉదాహరణకు 1326 అని ఉందనుకో. హిజ్రీ అయితే 1908, మూసీ పొంగి ఊరిని ముంచిన ఏడాది. ఫసలీ అయితే 1916. రెండు లెక్కలూ వేసి రెండూ పుస్తకంలో రాయించు. ఉస్మానియా ఆసుపత్రిలో ఆ వరద రోజు 150 మందిని కొమ్మల మీద మోసిన చింతచెట్టు ఉంది. సూచన అటు తీసుకెళ్లినా వెళ్లకపోయినా ఒకసారి దాని కింద నిలబడి రా. 

అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఎలా రాశారో ముందు చూడు. చార్మినార్ 17.3616, 78.4747. అదే డిగ్రీలు, నిమిషాల్లో అయితే 17 డిగ్రీల 21.696 నిమిషాలు, 78 డిగ్రీల 28.482 నిమిషాలు. ఆ నిమిషాలను చుక్క పక్కన పెట్టి 17.21696, 78.28482 అని కొట్టావంటే దాదాపు 26 కిలోమీటర్ల అవతల, నైరుతి దిక్కున తేలతావు. చుక్క తర్వాత నాలుగో అంకె తేడా అంటే 11 మీటర్లు. పాతబస్తీ ఇరుకు సందుల్లో గోడలకు తగిలి సిగ్నల్ తప్పుతుంది, అక్కడ బాణం గుర్తును నమ్మకుండా చుట్టూ చూడండి. 2000 మే 2 దాకా జీపీఎస్‌ను అమెరికా వాళ్లే మామూలు జనానికి మసకచేసి ఇచ్చేవారు. ఆ మసక తీసేసిన మర్నాడే ఒరెగాన్‌లో ఒకాయన అడవిలో బకెట్ దాచి, ఇలాంటి వేటకు నాంది పలికాడు.

డబ్బు సంగతి శనివారమే తేల్చుకోండి, రాసి ఎనిమిదిమందీ సంతకాలు పెట్టండి. బహుమతి 50,000 అనుకో. 10,000 దాటిన గెలుపు కాబట్టి 30 శాతం, అంటే 15,000 ముందే కోసుకుని ఇస్తారు. ఎవరి పాన్ ఇస్తే వాళ్ల పేరు మీదే కోస్తారు. దాని మీద 4 శాతం సెస్సు, 600, వాళ్లే తర్వాత రిటర్న్‌లో కట్టుకోవాలి. కాబట్టి పంచాల్సింది 35,000 కాదు, 34,400. మనిషికి 4,300. 50,000ను ఎనిమిదితో భాగించి 6,250 వస్తాయని ఆశపెట్టుకున్న స్నేహాలు పాన్ ఇచ్చినవాళ్ల మీద అనుమానంతో చెడిపోతాయి. ఇంట్లో కూర్చున్న ఇద్దరికీ సమాన వాటా ఉండాలి, అది కూడా రాయండి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఎక్కడా తవ్వొద్దు. ఒక్క రాయి కదపొద్దు, ఇటుక సందులో వేలు పెట్టొద్దు. సూచన తవ్వమన్నట్టు అనిపిస్తే దాన్ని తప్పుగా విప్పారని అర్థం. గుప్తనిధుల పిచ్చితో పాత గుళ్లు, కోటలు తవ్వి పాడుచేసినవాళ్ల వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. చీకటిపడ్డాక టార్చిలైట్లు పట్టుకుని శిథిలాల దగ్గర తిరిగే ఎనిమిదిమందిని చూసి, ఆట ఆడుకుంటున్నారని ఎవరనుకుంటారు? కేంద్రం కాపాడే కట్టడానికి హాని చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది. పాత మెట్లబావుల్లోకి దిగొద్దు, నాచు మీద కాలు నిలవదు. సాయంత్రం ఆరయ్యేసరికి ఎంత దగ్గరికొచ్చినా సరే ఆపేసి మెట్రో ఎక్కు. ఎక్కాక నాకు ఒక్క ముక్క మెసేజి పెట్టు, అప్పటిదాకా నేను అన్నం ముందు కూర్చోను.

ఆ పాత లెక్క పుస్తకంలో సగానికి పైగా కాగితాలు ఖాళీగానే ఉన్నాయి. శనివారం సాయంత్రం పెదనాన్న తెచ్చి ఇస్తారు. మీరూ దాంట్లోనే రాసుకోండి. వరసలు, గళ్లు గీసి పెట్టాను, అణాల గడి కుడివైపు చివర ఉంది. ఎవరు ఏ జతో, లెక్క ఎవరు రాస్తారో ఆయన వచ్చేలోపు తేల్చి ఉంచు.

మీ పెద్దమ్మ