రబ్బరు ముక్కను తూచే ముందు

చిట్టితల్లీ,

నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరులోకి టోలుయీన్ అనే ద్రావణి ఎంత వేగంగా చొరబడుతుందో కొలిచే పనిలో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే బెంగ పట్టుకుంది. చిన్నప్పుడు ఏ సీసా దొరికినా మూత తీసి వాసన చూసేదానివి. ఇప్పుడూ అదే చేశావంటే ఊరుకోను. సీసా తెరిచేది ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే.

ముక్కలు కోయడం, ముంచడం, వడపోత కాగితంతో అద్ది తూచడం నీకు తెలిసినవే. మందం మాత్రం నాలుగైదు చోట్ల కొలువు. అది రెట్టింపైతే ముక్క నిండడానికి నాలుగింతల కాలం పడుతుంది.

నాతో పనిచేసిన ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. అతని ముక్క బరువు పెరిగి పెరిగి, ఆపైన కొద్దికొద్దిగా తగ్గసాగింది. తూకంలో తేడా అనుకుని, తగ్గిన అంకెలన్నీ కొట్టేసి, అన్నిటికన్నా పెద్ద అంకెనే సంతృప్త స్థితిగా, అంటే ముక్క ఇక పీల్చుకోలేని స్థితిగా, రాసుకున్నాడు. సీసాలోని ద్రవం పసుపు రంగుకు తిరిగింది. దాన్నీ పారబోసి కొత్తది పోశాడు. జవాబంతా ఆ రంగులోనే ఉంది! మెత్తదనం కోసం రబ్బరులో కలిపిన నూనె బయటికి వచ్చేస్తోంది. టోలుయీన్ లోపలికి, నూనె బయటికి. తూకం చూపేది ఆ రెండింటి తేడానే. నెలల శ్రమ వృథా అయింది. తెలివైనవాడు, పాపం. అందుకే ముందుగానే ఆ నూనెను ద్రావణితో లాగేసి, ముక్కను బాగా ఆరబెట్టి మొదలుపెట్టు. ప్రయోగం ముగిశాక మళ్లీ ఆరబెట్టి తూచు. మొదటి బరువుకన్నా ఎంత తగ్గితే అంత బయటికి పోయినట్టే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది నీ చేతి తొడుగు. అదీ నైట్రైలే! చిరుగు లేదు కదా అని ధీమాగా ఉండకు. టోలుయీన్ అణువు తొడుగు పైపొరలో కరిగి, రబ్బరులోని కదిలే పొడవాటి అణు గొలుసుల సందుల్లోంచి జారి అవతల తేలుతుంది. పలచని తొడుగైతే నిమిషాల్లోనే. 1996లో రసాయన శాస్త్రవేత్త కరెన్ వెట్టర్‌హాన్ లేటెక్స్ తొడుగు మీద డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరస విషం చుక్కలు పడ్డాయి. అవి తొడుగు దాటి ఒంట్లోకి చేరాయి. మరుసటి ఏడాది ఆమె చనిపోయారు. టోలుయీన్ అంతటి విషం కాదు, నిజమే. కానీ దారి అదే తల్లీ. తడిసిన తొడుగు వెంటనే తీసెయ్, మళ్లీ తొడుక్కోకు. ఎక్కువసేపు పనుంటే ఫ్లోరో రబ్బరు తొడుగులు అడుగు, మొహమాటపడకు.

మొదటి గ్రాఫు రాగానే పంపు. తగ్గిన అంకెలు చెరపకుండా పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న