ట్యాంకులు డ్రెయిన్ చేస్తున్నాడని అబ్బాయిని ఏఎంఈ మాన్పించాలా?

ఉప్పల్ నుంచి ఒక తండ్రి రాశారు. ఉత్తరం పెద్దది, సారాంశం ఇదీ: "మావాడు ఇంటర్ ఎంపీసీ అయ్యాక ఏఎంఈలో (ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్, అంటే విమానాల మరమ్మతు కోర్సు) చేరాడు. ఇప్పుడు రెండో ఏడాది. ఎయిర్‌బస్సుల మీద పని నేర్పిస్తారనుకున్నాం. వీడేమో ప్రాక్టికల్స్ అని ఒక ఫ్లయింగ్ స్కూలుకి వెళ్లి, చిన్న సెస్నా విమానం రెక్క కింద నిలబడి, ట్యాంకులోంచి పెట్రోల్ గ్లాసులో పట్టి చూసి వస్తున్నాడు. బట్టలన్నీ వాసన. పైగా ఈమధ్య ఇథనాల్ పిచ్చి పట్టుకుంది, బైకులోంచి పెట్రోల్ తీసి సీసాలో నీళ్లు కలిపి ఊపుతున్నాడు. లక్షలు కట్టింది దీనికా? మాన్పించి బీటెక్‌లో వేయమంటారా?"

మాన్పించకండి సార్. మీరు కంప్లయింట్ అనుకుని రాసిన ప్రతి వాక్యమూ నాకు మంచి వార్తలాగే కనిపించింది. ఎందుకో చెప్తాను, కొంచెం టెక్నికల్ విషయం ఉంటుంది, ఓపిగ్గా చదవండి. అది అర్థం కాకపోతే మీవాడు చేస్తున్నది పనిలాగే కనిపించదు.

ముందు ఆ గ్లాసు సంగతి. చిన్న విమానాల్లో పిస్టన్ ఇంజిన్లకి పోసేది ఎవ్‌గ్యాస్, అందులో ఎక్కువగా వాడేది 100 ఎల్‌ఎల్ అనే రకం. నీలం రంగు కలిపి అమ్ముతారు. ఒకప్పుడు మన దేశం దాన్ని పూర్తిగా దిగుమతి చేసుకునేది, 2022 సెప్టెంబర్‌లో ఇండియన్ ఆయిల్ సొంతంగా తయారుచేసి మార్కెట్లోకి తెచ్చింది, వడోదర దగ్గరున్న గుజరాత్ రిఫైనరీలో. ఇక ట్యాంకు సగం ఖాళీగా రాత్రంతా ఉంటే లోపలి గాలిలోని తేమ చల్లబడి నీటిబొట్లు అవుతుంది. జూలైలో విమానం బయట తడుస్తూ ఉండి, రెక్క మీది మూత కింద రబ్బరు రింగు ఎండిపోయి ఉంటే వాన నీళ్లు నేరుగా లోపలికే పోతాయి. నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. అందుకే రోజూ మొదటి ఫ్లయిట్‌కి ముందు, ఇంధనం పోసిన ప్రతిసారీ అడుగు నుంచి కొంచెం తీసి చూడాలి, డ్రెయిన్ చేయడం అంటే ఇదే. సెస్నా 172ఎస్ మోడల్‌లో ఇలా తీసి చూసే చోట్లు 13 ఉంటాయి, ఒక్కో రెక్కకి 5, పొట్ట కింద 3. పదమూడూ చూడాలా అని విసుక్కునే కుర్రాళ్లు చాలామంది ఉంటారు. మీవాడు చూస్తున్నాడు.

అందులో ఒక తిరకాసు కూడా ఉంది. గ్లాసులో పైన నీలం, కింద తెల్లటి బుడగ కనిపిస్తే నీళ్లని ఎవరైనా చెప్తారు. కానీ గ్లాసు మొత్తం నీళ్లే అయితే? మధ్యలో గీత ఉండదు, శుభ్రంగా తళతళలాడుతుంది, ఆదమరిస్తే ఓకే అనేస్తారు. రంగు చూడాలి, వాసన చూడాలి. పొరపాటున జెట్ ఎ-1, అంటే జెట్ విమానాలకి పోసే కిరోసిన్ కలిసిందా అన్నది కూడా రంగు పలచబడటంలో, కాగితం మీద జిడ్డు మరక ఆరకుండా మిగలడంలో కొంత తెలుస్తుంది. (తీసినదాన్ని నేల మీద పారబోయకూడదు, డబ్బాలో పోయాలి. అక్కడ పారబోస్తున్నారేమో మీవాణ్ణే అడగండి.)

వాసన గురించి మీ గొడవ మాత్రం న్యాయమైనదే. ఎవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది, టెట్రాఇథైల్ లెడ్ రూపంలో. చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోమనండి, చేతులకంటిన గ్రీజు పోవాలని అదే పెట్రోల్‌తో కడుక్కునే అలవాటు ఎక్కడో చూసి నేర్చుకుంటే మాన్పించండి, సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్ డబ్బా తెరవాలి, యూనిఫాం విడిగా ఉతకాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా ముఖ్యం.

ఇప్పుడు మీరు పిచ్చి అన్న ఇథనాల్ దగ్గరికొద్దాం. 2023 ఫిబ్రవరిలో మన దేశంలో ఈ20 పెట్రోల్ మొదలైంది, అంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో సాధారణంగా దొరికేది అదే. మన బైకులకి అది మంచిదా చెడ్డదా అన్న వాదన టీ కొట్టు దగ్గర ఎటూ నడుస్తూనే ఉంది, నేను అందులోకి పోను. కానీ తేలికపాటి విమానాల విషయంలో అది వాదన కాదు. తయారుచేసినవాళ్ల పుస్తకంలో రాసి ఉంటే పోయాలి, లేకపోతే లేదు.

ఎందుకంటే ఇథనాల్ నీళ్లని పీల్చుకుంటుంది. మామూలు పెట్రోల్‌లో నీళ్లు దాదాపు కరగవు, అడుక్కి దిగి గ్లాసులో కనిపిస్తాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో కొంతవరకూ నీళ్లు కరిగిపోయి కనిపించకుండా ఉంటాయి, అంటే మీవాడు పొద్దున డ్రెయిన్ చేసి చూసినా గ్లాసు శుభ్రంగానే ఉంటుంది. విమానం పైకి వెళ్లేకొద్దీ వెయ్యి అడుగులకి సుమారు 2 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. ఇంధనం చల్లబడ్డప్పుడు ఇక నీళ్లని పట్టుకోలేని స్థితి వస్తే, నీళ్లు ఒక్కటే కాదు, ఇథనాల్‌ని కూడా వెంటబెట్టుకుని విడిపోయి అడుక్కి చేరతాయి. ఇంజిన్‌కి వెళ్లే గొట్టం మొదలయ్యేది అడుగు దగ్గరే. పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ (ఇంజిన్‌లో నాకింగ్ రాకుండా ఆపే గుణం) కూడా పడిపోతుంది, ఎందుకంటే ఆ ఆక్టేన్‌లో కొంత భాగం ఇథనాల్ పెట్టిన భిక్షే. బైకు ఆగితే పక్కకి తోసుకుంటాం. నాలుగు వేల అడుగుల మీద పక్క అనేది లేదు.

ఇంకా ఉన్నాయి. ఇథనాల్ తగిలితే కొన్ని రకాల రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి, ట్యాంకు అతుకుల్లో పూసిన సీలెంట్ మెత్తబడొచ్చు, పాత ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల్లో రెజిన్ మెత్తబడి ఆ జిగురు కార్బ్యురేటర్ దాకా వస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న మట్టిని కడిగి తెచ్చి ఫిల్టర్‌లో కుక్కుతుంది. అల్యూమినియం తుప్పు సరేసరి. తక్కువ పాళ్లలో కలిపినప్పుడు ఆవిరి పీడనం పెరుగుతుంది, మన మే నెల ఎండలో ఇంజిన్ ఆపి పది నిమిషాలుంచి మళ్లీ స్టార్ట్ చేస్తే గొట్టాల్లో పెట్రోల్ ఆవిరై అడ్డం పడే సమస్య ఇంకా ఎక్కువవుతుంది. లీటరుకి శక్తి కూడా తక్కువ, ఈ20లో సుమారు 6-7 శాతం, అంటే అదే ట్యాంకుతో అంత దూరం పోలేరు. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి: కొన్ని విమానాల్లో ఫ్యూయల్ గేజ్ కెపాసిటెన్స్ పద్ధతిలో, అంటే ఇంధనం విద్యుత్ గుణాన్ని బట్టి పనిచేస్తుంది, ఇథనాల్ విద్యుత్ గుణం పెట్రోల్ కంటే బాగా వేరు కాబట్టి గేజ్ చూపే లెక్క కూడా తప్పొచ్చు. మెకానికల్ వాడు, ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్స్) వాడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సమస్య ఇది.

మీవాడు సీసాలో చేస్తున్నది సరిగ్గా పైలట్లూ మెకానిక్కులూ చేసే పరీక్షే. సన్నటి గాజు గొట్టంలో గీత వరకూ నీళ్లు, పైన పెట్రోల్, మూత బిగించి ఊపి కాసేపు ఆగాలి. నీళ్ల మట్టం గీత దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు, పెరిగినట్టు కనిపిస్తే ఉంది, ఇథనాల్ నీళ్లలోకి దిగింది కాబట్టి. పరీక్ష మంచిదే, చోటే తప్పు. వంటగదిలో, బాల్కనీలో వద్దు, ల్యాబ్‌లో చేయమనండి. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంటుంది కదా.

ఇక అసలు కెరీర్ మాట. విమానం మెకానిక్‌కి, మామూలు మెకానిక్‌కి తేడా చేతి పనిలో తక్కువ, సంతకంలో ఎక్కువ. ఫలానా ఇంధనం ఈ ఇంజిన్‌కి పనికొస్తుందా అంటే "వాడుతున్నారు కదా సార్" అన్నది జవాబు కాదు. లైకమింగ్ కంపెనీ ఇంజిన్ అయితే ఆ కంపెనీ ఇచ్చిన సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1070 తెరవాలి, అందులో ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి అనుమతి లేదు. అమెరికాలో 1982 నుంచి కొన్ని సెస్నాలకి కారు పెట్రోల్ వాడే అనుమతి కాగితాలు ఉన్నాయి, వాటిలోనూ ఇథనాల్ నిషేధమే. మైక్రోలైట్లలో (బాగా తేలికైన బుల్లి విమానాల్లో) ఎక్కువగా కనిపించే రోటాక్స్ 912 ఇంజిన్ పుస్తకం 10 శాతం దాకా ఒప్పుకుంటుంది, అయితే ఇంజిన్ ఒప్పుకుంటే చాలదు, విమానం తయారుచేసినవాడు కూడా ఒప్పుకోవాలి. మన బంకులో ఉన్నది 20. సరే ఎవ్‌గ్యాసే పోద్దామంటే రోటాక్స్‌లో సీసం మడ్డి పేరుకుంటుంది, ఇంజిన్ ఆయిల్ త్వరగా మార్చాలి. అలాగని ఇథనాల్‌తో విమానం ఎగరదని కాదు, బ్రెజిల్‌లో ఎంబ్రాయర్ వాళ్ల ఇపనేమా అనే పొలాల మీద మందు చల్లే విమానం 2004లోనే పూర్తి ఇథనాల్‌తో సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఆ ఇంధనం కోసమే మార్చి, పరీక్షించి, అనుమతి తీసుకున్నారు. ఈ తేడా పంతొమ్మిదేళ్లకే బుర్రకెక్కిన కుర్రాడు ఇంటర్వ్యూలో ఎక్కడ కూర్చోబెట్టినా తడబడడు.

ఎయిర్‌బస్సు సంగతి అడిగారు. పెద్ద విమానం ట్యాంకు కూడా ట్యాంకే. శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ లాంటి ఎంఆర్ఓలో (విమానాల మరమ్మతు కేంద్రంలో) ఎ320 రెక్క ట్యాంకులోకి మనిషి దూరి పనిచేయాల్సి వస్తుంది. గ్యాస్ మీటర్ పెట్టి చూసి, గాలి పంపి, బయట ఒకరిని కాపలా పెట్టాకే లోపలికి. లీకు మరక మాత్రమేనా, చెమ్మా, కారుతోందా అని స్థాయిలు కొలుస్తారు, దాన్నిబట్టి విమానం కదలాలా ఆగాలా తేలుస్తారు. కిరోసిన్, నీళ్లు కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి బురదలా తయారవుతాయి, సెన్సర్లు తప్పు చెప్తాయి, తుప్పు పడుతుంది. నీళ్లు డ్రెయిన్ చేయడం అక్కడా రోజువారీ పనే. మాన్యువల్‌లో ఈ ఫ్యూయల్ సిస్టమ్‌కి ఇచ్చిన అంకె ఏటీఏ 28, విమానం సెస్నా అయినా బోయింగ్ అయినా మారదు.

కానీ తియ్యటి మాటలు మాత్రమే చెప్పను. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సుల్లో బీ1.1 టర్బైన్ విమానాలకి, బీ1.2 పిస్టన్ విమానాలకి, బీ2 ఏవియానిక్స్‌కి. ఉద్యోగాలు ఎక్కువ ఉన్నది బీ1.1, బీ2 వైపు, ఎందుకంటే ఎయిర్‌లైన్లు నడిపేది జెట్‌లు. పిస్టన్ వైపు ఫ్లయింగ్ స్కూళ్లు ఉంటాయి, జీతం తక్కువ, పని మాత్రం మొత్తం చేతికొస్తుంది. వాడు ఏ కేటగిరీలో ఉన్నాడో మీరు రాయలేదు. బీ1.1 అయితే అలాగే కొనసాగనివ్వండి, పిస్టన్ మాడ్యూళ్లు (పరీక్ష పేపర్లు) 11బీ, 16 తర్వాత రాసుకుని, అనుభవం చూపించి బీ1.2 కలుపుకోవచ్చు. బీ1.2 మాత్రమే అయితే ఇప్పుడే ఇన్‌స్టిట్యూట్‌తో మాట్లాడండి, ఆలస్యం చేయొద్దు. ఒక్కో మాడ్యూల్‌లో 75 శాతం రావాలి, ఇంటర్‌లోలాగా గట్టెక్కితే చాలనుకుంటే కుదరదు. కోర్సు అయిపోగానే లైసెన్స్ చేతిలో పెట్టరు, పని అనుభవం చూపించాలి, ఆ మధ్య కాలంలో ట్రెయినీ జీతంతో నెట్టుకురావాలి. చాలా ఇళ్లలో గొడవ మొదలయ్యేది అక్కడే. "ఇంకా సెటిల్ అవ్వలేదా" అని చుట్టాలు అడిగే కాలం అది. డబ్బు ప్లాన్ దానికి చేసుకోండి, ఇప్పటి ఫీజుకి కాదు.

ఒకవేళ వాడికి ఆసక్తి విమానం మీద కాక ఆ సీసాలోని రసాయనం మీదే అయితే, అది వేరే దారి, అదీ చిన్నదేం కాదు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం జట్రోఫా నూనె నుంచి చేసిన ఇంధనం కొంత కలుపుకుని ఎగిరింది, ఆ ఇంధనం డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియంలో తయారైంది. అంతర్జాతీయ ఫ్లయిట్లలో అలాంటి ఇంధనం 2027కి 1 శాతం, 2028కి 2, 2030కి 5 కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. విచిత్రం ఏమిటంటే దానికి ఒక ముడిసరుకు ఇదే ఇథనాల్. నేరుగా పోయడం కాదు, ఇథనాల్‌లోంచి ఆక్సిజన్‌ని తీసేసి, చిన్న అణువుల్ని అతికి, కిరోసిన్ లాంటిది చేయడం. అటు వెళ్లాలంటే కెమికల్ ఇంజినీరింగ్ లేదా కెమిస్ట్రీలో పీజీ కావాలి, మన తార్నాకలోనే ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఉంది, ఆయిల్ కంపెనీల్లోకి గేట్ ద్వారా వెళ్లొచ్చు. మీరు అడిగిన బీటెక్ ఈ ఒక్క కారణంతో అయితే సరే. "అందరూ చేస్తున్నారు" అని సీఎస్ఈలో వేయడానికైతే నా ఓటు లేదు. అది కూడా వాణ్ణి కూర్చోబెట్టి అడిగి తేల్చుకోండి, మీరూ నేనూ మాట్లాడుకుని కాదు.

ఈ వారం మీరు చేయాల్సినవి రెండే. ఇన్‌స్టిట్యూట్‌కి సీఏఆర్-147 అనుమతి (శిక్షణ సంస్థలకి డీజీసీఏ ఇచ్చేది) ఏ కేటగిరీలకి, ఏ తేదీ వరకు ఉందో డీజీసీఏ వెబ్‌సైట్లో మీరే చూడండి, ఆఫీసులో గోడకి తగిలించిన ఫ్రేమ్ చూసి రావద్దు. కోర్సుతో పాటు బీఎస్సీ కూడా ఇస్తామని ఉంటే ఆ యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉందో లేదో కూడా చూడండి. రెండోది, మీవాడి లాగ్‌బుక్ తీసి చూపించమనండి. చేసిన ప్రతి పనీ, ఏ విమానం మీద, ఏ తేదీన, మాన్యువల్‌లో ఏ చాప్టర్ ప్రకారం అని రాసి, పక్కన లైసెన్స్ ఉన్న ఇంజినీరు సంతకం ఉండాలి. సంతకాలు నెలల తరబడి పెండింగ్‌లో ఉంటే ఆ ఇంజినీరు ఉద్యోగం మారి వెళ్లిపోకముందే పెట్టించుకోమనండి.